‘టు’ మింగేసిన టైలరు

మా అమ్మ కుడిచేతి నాలుగు వేళ్ళంటే జమ్మలమడుగు చర్చిలో ఆడవాళ్ళందరికీ హడలు. ఆమె ఎవరినీ కొట్టేది కాదు. ఆదివారం ఆరాధనకు ముందు పాటలు పాడేవాళ్ళు వరసగా నిలబడితే వెనకనుంచి వచ్చి, ఒక్కొక్కరి మెడ కింద వీపు మీద చెయ్యి అడ్డంగా ఆనించేది. నాలుగు వేళ్ళు. జాకెట్టు వెనక మెడ అంతకంటే కిందికి దిగిందా, ఆ మనిషికి ఆ వారం పాట లేదు. పోయి వెనక బెంచీలో కూర్చోవాల్సిందే.

అమ్మ ఎయిడెడ్ బడిలో టీచరు, చర్చిలో స్త్రీల సమాజానికి ప్రెసిడెంటు. ఊళ్ళో సగం మందికి అక్షరాలు దిద్దించిన మనిషి కాబట్టి ఆమెను ఎవరూ పల్లెత్తు మాట అనేవాళ్ళు కాదు. ఆ వేళ్ళ నుంచి పాస్టరుగారి భార్యకు కూడా మినహాయింపు లేదు. ఆమెను మేమంతా పాస్టరమ్మ అంటాం. మా ఊరికి వచ్చిన కొత్తల్లోనే అమ్మ ఆమె వీపు మీద కూడా చెయ్యి పెట్టి, "అర వేలు ఎక్కువుండాది పాస్టరమ్మా, ఈసారి జూసి కుట్టిచ్చుకోండి" అని పదిమందిలో అనేసింది. పాస్టరమ్మ నవ్వింది. అది మనసులో రాసిపెట్టుకున్న నవ్వని పక్కనే నిలబడ్డ నాకు తెలిసిపోయింది.

నేను ఆ వేళ్ళ కింద పెరిగినదాన్ని. నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది, నోరు కూడా కాస్త పెద్దదే, అయినా అమ్మ చెయ్యి వీపు మీద పడితే బొమ్మలా నిలబడేదాన్ని. పులివెందులలో సర్కారు బడిలో ఉద్యోగం వచ్చి, అక్కడ అద్దెకు గది తీసుకున్నాక నేను చేసిన మొట్టమొదటి ఘనకార్యం ఐదు వేళ్ళ మెడతో జాకెట్టు కుట్టించుకోవడం. దాన్ని పులివెందులలోనే వేసుకునేదాన్ని. జమ్మలమడుగు బస్సెక్కే రోజున పెట్టె అడుగున దాచేసేదాన్ని.

బో నెక్ అనేది మా జీవితాల్లోకి మా బడి లెక్కల టీచరు వీపు మీద వచ్చింది. జాకెట్టు వెనక మెడను బాగా కిందికి గుండ్రంగా కోసి, రెండంచులూ దగ్గరికి వచ్చే చోట అదే గుడ్డతో పెద్ద ముడి. చిన్నపిల్లల గౌనుకు వెనకాల రిబ్బనుతో కడతామే, ఆ ముడే. ఆమె బోర్డు వైపు తిరిగితే చాలు, ఏడో తరగతి మొత్తం లెక్క మరిచిపోయేది. ఒక పిల్ల లేచి, "మేడం, మీ ముడి ఊడిపోతాండాది" అనేది. ఆమె చెయ్యి వెనక్కి పెట్టి తడుముకునేది. అది కదలకుండా కుట్టేసిన ముడి, ఊడే ప్రసక్తే లేదు. మర్నాడు ఇంకో పిల్ల లేచి అదే మాట చెప్పేది. మా హెడ్మాస్టరు దీని సంగతి తేల్చేద్దామని స్టాఫ్ మీటింగు పెట్టాడు. "టీచర్లు... వెనకవైపు... అంటే గాలీ వెలుతురూ..." అని నసిగి నసిగి, చివరికి తరగతి గదుల కిటికీలు తెరిచి ఉంచమని చెప్పి కూర్చున్నాడు.

నాకు ఆ బో మీద పిచ్చి పట్టింది. సరిగ్గా అప్పుడే అమ్మ రిటైర్మెంటు దగ్గర పడింది. నెలాఖరు రోజున చర్చి హాల్లో ఫంక్షన్ పెట్టారు. నేను ప్రొద్దుటూరులో నెమలికంఠం రంగు చీరలు రెండు తెచ్చాను, అమ్మకొకటి, నాకొకటి. తల్లీకూతుళ్ళం ఒకే రకం కట్టుకుని స్టేజీ ఎక్కాలని నా సరదా. నా జాకెట్టుకు బో పెట్టించాలనేది నా అసలు కుట్ర. అమ్మకు తెలియకుండా కానిద్దామనుకున్నాను గానీ, స్టేజీ మీద గుండె ఆగిపోతే ఎవరు చూస్తారని ముందే ఫోన్లో ఫోటో చూపించాను. అమ్మ చేటలో మటిక్కాయలు, అదే గోరుచిక్కుళ్ళు, గిల్లుతూ ఉంది.

"ఏందిమే అది?"

"బో నెక్కు మా."

"బోసి నెక్కా? మెడ బోసిగా పెట్టుకోని నా ఫంక్షనుకు వస్తావా?"

"బోసి కాదు మా, బో. బో అంటే ముడి."

అమ్మ చేట పక్కకు జరిపి, చేతులు కొంగుకు తుడుచుకుని ఫోన్ తీసుకుంది. కళ్ళజోడు పైకి నెట్టి, రెండు వేళ్ళతో ఫోటోను పెద్దది చేసింది. ఇంకా పెద్దది చేసింది. ముడి మడతలు తప్ప ఇంకేమీ కనపడనంత పెద్దది చేసి చాలాసేపు చూసింది.

"పెద్దోళ్ళు గూడా ఏసుకుంటారా ఇయ్యి?" అంది.

నేను పగలబడి నవ్వాను. "ఏం, నువ్వేసుకుంటావా ఏంది? ఏసుకో మా! పాస్టరమ్మ ఎనకనుంచి వచ్చి చెయ్యి పెట్టి కొలుచ్చాది!" అన్నాను. నవ్వి నవ్వి నాకు కళ్ళలో నీళ్ళొచ్చాయి. అంతటితో ఆగానా, మర్నాడు పులివెందుల స్టాఫ్ రూములో కూడా ఆ మాట చెప్పి అందరినీ నవ్వించాను.

అమ్మ ఫోన్ నా ఒళ్ళో పడేసి మళ్ళీ మటిక్కాయల్లో పడింది. "నాకు బోటు నెక్కు చెప్పు, మెడ నిండా ఉంటాది. నీ వీపు నీ ఇష్టం. కానీ స్టేజీ మీద కొంగు కప్పుకో. ముప్పై ఏండ్లు అందర్నీ నిలబెట్టి కొలిచినా. ఆఖరి దినం నా ఇంట్లోనే తప్పు పట్టుకున్యారంటే ఇంగ నా మాటకు ఇలువేముంటాది?"

బోట్ నెక్ అంటే ఈ భుజం నుంచి ఆ భుజం దాకా వెడల్పుగా ఉండి, వీపును మాత్రం నిండా కప్పే మెడ. అమ్మ కొలతలో దానికి నూటికి నూరు మార్కులు. సరేనని రెండు జాకెట్టు గుడ్డలూ తీసుకుని ప్రొద్దుటూరు పోయాను.

ప్రొద్దుటూరులో బట్టల బజారు పక్క సందులో మాకొక టైలరు ఉన్నాడు. పెద్దాయన, సాయిబు. అమ్మ ఆయన్ను అన్నా అనేది, నేను మామా అనేదాన్ని. ఆయన ఆడవాళ్ళకు టేపు పెట్టి కొలత తీసుకోడు. ఆది ఇమ్మంటాడు. ఆది అంటే ఒంటికి సరిగ్గా కుదిరిన పాత జాకెట్టు. దాన్ని గుడ్డ మీద పరిచి, సుద్దతో గీసి కత్తిరించేస్తాడు. అమ్మ ఆది ఒక వెలిసిపోయిన కాఫీరంగు జాకెట్టు. అమ్మ ఒంటి మీదికి వచ్చిన ప్రతి జాకెట్టూ దానికి పుట్టిన పిల్లే, ఆ మెడలో దారమంత తేడా ఉండేది కాదు.

"అమ్మది బోట్ నెక్ మామా, నాది బో నెక్" అని చెప్పాను. ఆయన పెన్సిలు తీసి చీటీల మీద రాసుకున్నాడు. అమ్మ గుడ్డకు గుచ్చిన చీటీ మీద ‘బో.నె.’ నా గుడ్డకు గుచ్చిన చీటీ మీద కూడా ‘బో.నె.’

"రెండూ ఒకటే రాస్తాండావు గదా మామా!"

"రాసేది నేనే, సదివేది నేనే. నువ్వు బడికి పోయి పిలకాయలకు జెప్పు పాపా, నాకు చెప్పొద్దు" అన్నాడు.

ఆ చీటీలు చూసి కూడా నేను ఊరుకున్నాను. వారం తర్వాత పోతే సంచి చేతికి ఇచ్చాడు. మూతి ముడేసి ఉంది, నేను విప్పి చూడలేదు. నా సోమరితనానికి ఇంకా ఏ పేరు పెట్టినా తక్కువే.

ఫంక్షన్ రోజు మొదటి బస్సుకు పులివెందులలో బయల్దేరి, ముద్దనూరు మీదుగా ఎనిమిదింటికి ఇల్లు చేరాను. పదింటికి ఫంక్షన్. అమ్మ తలస్నానం చేసి జడ వేసుకుని సిద్ధంగా ఉంది. సంచి విప్పాను. నా జాకెట్టు తీశాను, అబ్బ, ఏం ముడి! ఆ తర్వాత అమ్మది తీశాను. దానికీ ముడే. నాదానికంటే పెద్ద ముడి. వెనక మెడ జానెడు దిగి ఉంది.

"మా!" అని కేకేశాను. అమ్మ వచ్చి చూసింది. "అయ్యో దేవుడా, ఏందిది?" అంది. "బోటు అని చెప్పినావా ల్యాదా?" అంది.

"చెప్పినా మా! ఆ మామ పెన్సిలు విరగ, రెండిటికీ బో అనే రాసుకున్యాడు!"

నేను కత్తెర తెచ్చాను, ముడి కోసేద్దామని. అమ్మ నా చేతిలోంచి జాకెట్టు లాక్కుంది. "కోస్తే రెండంచులు ఇడిపోతాయి. వీపంతా కనపడ్తాది, అది ఇంకా అన్యాయం" అంది. నిజమే. పిన్నీసులతో పైన గుడ్డ కుట్టేద్దామన్నాను. పిన్నీసు గుచ్చుకుంటే స్టేజీ మీద కేకేస్తానంది. పాత నల్ల జాకెట్టు వేసుకోమన్నాను. నెమలికంఠం మీద నలుపు, చావింటికి పోతాండామా అంది. చీరే మార్చమన్నాను. "నీ జీతంతో తెచ్చిన చీర, కట్టుకోకుంటే నీకు బాధ గాదా?" అంది. నేను ఏ దారి చూపించినా ఆమె దగ్గర ఒక గోడ సిద్ధంగా ఉంది. నాకు ఏడుపొక్కటే తక్కువ. ముప్పై ఏళ్ళ మాట ఇంకో రెండు గంటల్లో స్టేజీ మీద మంట గలిసిపోతుందని నా ప్రాణం కొట్టుకుంటూ ఉంటే, అమ్మ మాత్రం చేతులు తొడిగేసి ముందు హుక్కులు పెట్టేసుకుంటూ ఉంది.

"కొంగు రెండు భుజాలూ కప్పుకుంటాలే. ఎవురు జూస్తారు?" అంది.

హాలు నిండిపోయింది. ఫ్యాన్లు తిరుగుతున్నా చెమట కారిపోతూ ఉంది. అమ్మ కొంగు భుజాల చుట్టూ తిప్పుకుని కుర్చీలో వెనక్కి ఆనుకుని కూర్చుంది. నేను పక్కనే కాపలా. నా కొంగు కూడా నిండా కప్పే ఉంది, నా బో ఆ రోజు వెలుగు చూడలేదు. ప్రార్థన అయింది. ఇద్దరు మాట్లాడారు. అంతా సవ్యంగా జరిగిపోతుందనుకుంటుండగా, స్త్రీల సమాజం తరఫున శాలువా కప్పడానికి పాస్టరమ్మను పిలిచారు.

శాలువా కప్పేవాళ్ళు వెనకాల నిలబడతారు. ఈ సంగతి నా బుర్రకు అప్పటిదాకా తట్టలేదు. పాస్టరమ్మ శాలువా విప్పి, అది సరిగ్గా కూర్చోవాలని అమ్మ కొంగును మర్యాదగా రెండు వేళ్ళతో పక్కకు జరిపింది. జరిపి, వంగి చూసింది. ఎన్నేళ్ళుగానో ఎదురుచూసిన పండు ఒళ్ళో పడినట్టు ఆమె మొహం విచ్చుకుంది.

"టీచరమ్మా, ఎనకాల ఏందిది?" అంది. మైకు పక్కనే ఉంది. హాలంతా వినపడింది.

నేను కళ్ళు మూసుకున్నాను. తెరిచేసరికి అమ్మ మైకు ముందు నిలబడి ఉంది. కొంగు భుజం మీద మామూలుగా వేసేసుకుని, జనానికి వీపు తిప్పి నిలబడి, తల మాత్రం పక్కకు తిప్పి మైకులో చెప్తూ ఉంది.

"అందరూ జూసుకోండి. బోటు నెక్కు కుట్టు సామీ అంటే, ఆ పొద్దుటూరు టైలరు ‘టు’ మింగేసి ఉత్త బో కుట్టినాడు. నాలుగు వేళ్ళు కాదు, జానెడు దిగింది. రూలు ప్రకారం నేను పోయి ఎనక బెంచీలో కూసోవాల. కానీ నేను ఆడ కూసుంటే ఈడ కేకు ఎవురు కోస్తారు?"

వెనక బెంచీల్లోంచి నవ్వు మొదలైంది. ఆ బెంచీల్లో కూర్చున్నవాళ్ళు సగం మంది ఎప్పుడో ఒకప్పుడు అమ్మ చేత అక్కడికి పంపబడినవాళ్ళే. నవ్వు ముందు వరసల దాకా వచ్చి, పాస్టరుగారి దాకా పాకింది. పాస్టరమ్మ కూడా నవ్వేసింది. ఈసారిది నిజం నవ్వు. "ముడి వంకరయింది, ఉండు టీచరమ్మా" అని తనే సరిచేసి శాలువా కప్పబోయింది. "ఈ ఎండకు శాలువా ఏంది పాస్టరమ్మా, చేతికియ్యి" అని అమ్మ దాన్ని మడిచి నా ఒళ్ళో పెట్టేసింది.

ఆ తర్వాత అమ్మ ఆ హాల్లో ఎన్నిసార్లు వెనక్కి తిరిగిందో లెక్కలేదు. నీళ్ళు కావాలని తిరిగింది, ఎవరో పిలిచారని తిరిగింది, గోడ మీది వాక్యం ఎంత బాగుందో చూడండని తిరిగింది. ఫోటోలు తీసే అతను ముందునుంచే తీస్తుంటే, "పక్కనుంచి గూడా ఒగటి తీయప్పా" అంది.

ఆ వచ్చే ఆదివారం అమ్మ ఎవరి వీపూ కొలవలేదు. "కొలిచేకి నాకేం మొగముండాది?" అంది. స్త్రీల సమాజం పండగ చేసుకుంది. ముగ్గురు నా దగ్గరికి వచ్చి ‘టు మింగిన మెడ’ కుట్టే టైలరు యాడుంటాడని అడిగిపోయారు. అందరూ సంతోషంగానే ఉన్నారు, నేనొక్కదాన్నే రగిలిపోతున్నాను. అమ్మ తెలివి గట్టిది కాబట్టి గట్టెక్కింది, లేకపోతే? ఆ సాయిబును నాలుగు దులిపేయకపోతే నాకు అన్నం సయించేట్టు లేదు.

"పోనీలే మే, పెద్దాయన. ఎప్పుడో ఒగసారి పొరపాటు. పోవద్దు" అంది అమ్మ. అర వేలు ఎక్కువైతే పాస్టరమ్మను వదలని మనిషి, జానెడు తప్పు చేసిన టైలరును వదిలేయమంటోంది. నాకు అప్పుడే అనుమానం రావాలి. కోపం వచ్చినప్పుడు నాకు ఇంకేదీ రాదు.

వద్దంటున్నా వినకుండా ప్రొద్దుటూరు బస్సెక్కాను. అంగట్లో అడుగుపెట్టీ పెట్టకముందే మొదలుపెట్టాను. చీటీల గురించి, పెన్సిలు గురించి, ఆయన చెవుల గురించి, మా అమ్మ ముప్పై ఏళ్ళ మర్యాద గురించి. ఆయన మిషను ఆపి, కళ్ళద్దాలు తీసి తుడుచుకుంటూ మొత్తం విన్నాడు.

"అయిపోయిందా పాపా?"

"ఇంకా ఉండాది."

"సరే, మిగిలింది టీ తాగి తిట్టు" అని ఎదురుగా ఉన్న హోటలు వైపు రెండు వేళ్ళు చూపించి టీ తెప్పించాడు. "మీ ఊళ్ళో నాకు ‘టు’ మింగినోడని పేరు పెట్టినారంట గదా. మొన్న ఒగామె వచ్చి చెప్పి నవ్వింది. పోనీ, నా పేరుకేం తక్కువ?" అన్నాడు. తర్వాత గొంతు తగ్గించాడు. "చెప్పనని మాటిచ్చినా. కానీ నువ్వు ఇంత బాధ పడ్తాంటే నాకు మనసు ఒప్పల్యా. నువ్వు గుడ్డలిచ్చి పోయిన మరుసనాడు మీ అమ్మ ఫోన్ జేసింది."

"ఎందుకు?"

"‘అన్నా, నాది గూడా బోనే కుట్టు’ అన్యాది. నేనే తప్పు ఇన్యానేమో అని మళ్ళా అడిగినా, బోటా బోనా అని. ‘బో’ అన్యాది. మెల్లగా అన్యాది, పక్కన ఎవురో ఉన్నట్ల. ‘ముడి మాత్రం పెద్దది పెట్టన్నా. ఎవురన్నా అడిగితే తప్పు నీదే అని చెప్పు’ అన్యాది. సరేనన్యా. ముప్పై ఏండ్లు ఒగే మెడ కుట్టినా పాపా ఆమెకు! నాకే ఇసుగు పుట్టి యాష్టొచ్చింది."

మిగిలిన తిట్లు టీతోపాటు మింగేశాను. నాకు అది కొత్త అనుభవం. "నాతో చెప్పొచ్చు గదా మామా? నేనే రాయించేదాన్ని గదా?" అన్నాను.

ఆయన సూది వెలుతురుకు పట్టుకుని దారం ఎక్కించుకున్నాడు. "అదీ అడిగినా. ‘మా పాప నవ్వుతాది అన్నా’ అన్యాది."

నాకు సిగ్గేసింది, ఏడుపొచ్చింది, రెండూ ఒకేసారి. పాస్టరమ్మ ముందు వీపు తిప్పి నిలబడిన మనిషి, హాలు మొత్తానికి బెదరని మనిషి, ఈ లోకంలో భయపడింది నా నవ్వుకు. ముప్పై ఏళ్ళు ఒకే మెడ వేసుకున్న ఆమె, ఒక్కసారి మనసు పడి ఫోటోను పెద్దది చేసి చూసుకుంటే నేను కడుపు పట్టుకుని నవ్వాను. స్టాఫ్ రూములో కూడా నవ్వించాను. ఆ పెద్దాయనను తిట్టడానికి వచ్చినదాన్ని, ఆయన ముందే కొంగుతో కళ్ళు తుడుచుకున్నాను. ఆయన చూడనట్టు మిషను తొక్కుకున్నాడు.

సాయంత్రానికి జమ్మలమడుగు చేరాను. అమ్మ వాకిట్లోనే ఎదురైంది. చెప్పులు కూడా విప్పనివ్వలేదు.

"తిట్టినావా ఆయప్పను?"

"తిట్టినా మా."

"గట్టిగానా?"

"శానా గట్టిగా."

"పాపం" అంది. ఎటో చూస్తూ, "ఏమన్యాడు?" అంది.

"ఏమంటాడు? చెవులు సరిగ్గా ఇనపడవంట. బోటు అంటే బో అని ఇన్యాడంట. తప్పయిపోయింది, మీ అమ్మకు చెప్పు అన్యాడు."

"అట్లన్యాడా?"

అమ్మ తల తిప్పి సూటిగా నా మొహంలోకి చూసింది. చాలాసేపు చూసింది. నేను నవ్వలేదు.